నాలుగింటావిడ ఎటు చూసింది

నాలుగైంది, రాలేదు. నాలుగూ రెండయింది, మెట్ల మీద చెప్పుల చప్పుడు పైకి వచ్చినట్టే వచ్చి పక్కనున్న పళ్ళ డాక్టరు తలుపు వైపు తిరిగిపోయింది. కిటికీ తెరిచి ఉంది. పన్నెండేళ్ళలో ఈ వేళప్పుడు ఈ గది కిటికీ తెరిచి ఉండడం ఇదే మొదలు. లోపలి ఏడుపు బయటికి పోకూడదని మూసేవాళ్ళు, బయటి మాట లోపలికి రాకుండా పోతోందని ఎవరికీ తట్టలేదు, ఆమెకి అసలే తట్టలేదు. మనుషుల మనసులు వినడం ఆమె ఉద్యోగం, కౌన్సెలరు మేడం అంటారు, గోడకి అద్దాల్లో బిగించిన సర్టిఫికెట్లు మూడున్నాయి, వినడం వచ్చని మూడు సంతకాలు, మూడు ముద్రలు. వినడం వస్తే ఈపాటికి ఎదురు కుర్చీలో మనిషి ఉండాలి. కుర్చీ దిండుకి ఎడమ అంచున నొక్కు పడి ఉంది. ఆవిడ ఎప్పుడూ ఆ అంచునే కూర్చునేది, లేవమంటే తక్షణం లేవడానికి వీలుగా, బస్సులో పక్కవాళ్ళకి చోటు వదిలినట్టు. ఫైల్లో ఆవిడకి పేరుంది, నంబరుంది, ఆమె మనసులో మాత్రం మొదటి రోజు నుంచీ నాలుగింటావిడే. మంగళవారం నాలుగింటికి వచ్చి, నాలుగూ యాభైకి కొంగో కండువానో తెలియని ఆ బూడిదరంగు గుడ్డ తల మీద మళ్ళీ సర్దుకుని, వస్తాను మేడం అని వెళ్ళే మనిషి. పోయిన మంగళవారం రాలేదు. ఈవేళ రాకపోతే ఇక లేదు.

పొద్దున్నే కిందనుంచి రిసెప్షన్ అమ్మాయి అడగనే అడిగింది, "మేడం, ఆ నాలుగింటావిడ ఈసారి కూడా ఎగ్గొడితే ఆ టైము వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను. ఇరవై రెండు మంది లైన్లో ఉన్నారు, నా ప్రాణం తోడేస్తున్నారు." రెండు సార్లు రాకపోతే పేరు కొట్టేయాలి, అది ఇక్కడి రూలు. ఫోన్ చేసి రమ్మనకూడదు, అదీ రూలే. రావడం వాళ్ళ ఇష్టం కావాలట, మనం పిలిస్తే మన ఇష్టమవుతుందట. ఎవడు రాశాడో ఆ రూలు, వాడి గుమ్మం ముందు నుంచి ఎవరూ మొహం వేలాడేసుకుని వెనక్కి పోయి ఉండరు. అయినా చేస్తే ఏమని చెప్పాలి, మీరు ఎందుకు గడియారం చూసేవారో నాకు తెలిసిపోయింది అని చెప్పాలా, ఆవిడ చెప్పని మాట ఆవిడకే అప్పజెప్పడమా, అదింకా దొంగతనం. ఫోను చేతిలోకి తీసుకుంది. బల్ల మీద పెట్టింది. నాలుగూ ఆరు.

ఆవిడ బడి పిల్లల యూనిఫారాలు కుడుతుంది. మొదటి వారం అడగ్గానే చెప్పింది, నిక్కరుకి కాళ్ళ దగ్గర ఎంత గుడ్డ లోపలికి మడవాలో, పిల్లలు ఎంత తొందరగా పొడుగవుతారో. తన పిల్లాడికి తొమ్మిదేళ్ళప్పుడు కుట్టిన ప్యాంటుకి మూడు మడతలు పెట్టిందిట, ఏడాదికొక మడత విప్పుదామని, పన్నెండేళ్ళ దాకా అదే ప్యాంటు వస్తుందని. వాళ్ళాయన నవ్వాడుట, నీ కొడుకు ప్యాంటు వేసుకున్నాడా పరుపు చుట్టుకున్నాడా అని. జ్వరం మూడు రోజులు. మడతలు మూడూ అట్లాగే ఉన్నాయి. ఇది చెప్పినప్పుడు ఆవిడ ఏడవలేదు, బొటనవేలితో తన చీర అంచుని లోపలికి మడుస్తూ కూర్చుంది, ఇచ్చినవాడే తీసుకున్నాడు మేడం, వాడి సొత్తు వాడు తీసుకున్నాడు అంది. ఆమె రాసుకుంది. ఏం రాసుకుంది? ఆ కాగితం ఇప్పుడు ఒళ్ళోనే ఉంది, నీలం సిరా, గుండ్రటి అక్షరాలు, చక్కటి దస్తూరి, ఛీ, దస్తూరికేం తక్కువ. "దుఃఖాన్ని దగ్గరికి రానివ్వడం లేదు. మతాన్ని డాలుగా అడ్డం పెట్టుకుంటోంది." ఈ క్లినిక్కు నడిపే పెద్ద డాక్టరుకి చూపిస్తే తల ఊపాడు. ముప్పై ఏళ్ళ అనుభవం, తల ఊపడంలోనే గడిచింది ఆయనకి. "వాళ్ళల్లో అంతేనమ్మా, అన్నీ పైవాడి నెత్తిన పెట్టేస్తారు. నువ్వు వదలకు, గుచ్చు." వాళ్ళల్లో. ఆ మాట విని కూడా కాఫీ తాగింది, గుచ్చడానికి వెళ్ళింది.

గడియారం ఆమె తల వెనక గోడ మీద ఉంటుంది. ఆవిడ చూపు ఆమె నెత్తి మీంచి దాటిపోయేది. మాట మధ్యలో ఆగిపోయేది, పెదాలు కొంచెం కదిలేవి, తర్వాత చూపు పైకి లేచి గడియారం మీద ఆగి కిందికి దిగేది, ఆ తర్వాత గంట అయిపోయేదాకా మనిషి అక్కడుండేది కాదు. అవును మేడం, లేదు మేడం, మీరెలా అంటే అలా మేడం. మొదటి వారం నాలుగూ నలభైకి. రెండో వారం ముప్పై ఆరుకి. మూడో వారం ముప్పై ఒకటికి. ఆమె మార్జిన్లో వేళలు రాసుకుంది, ఎంత శ్రద్ధ, ఎంత తెలివి, దొంగని పట్టబోయే పోలీసులా. నాలుగో వారం ఆవిడ ఒక్కసారి కూడా గడియారం చూడలేదు, చివరిదాకా కదలకుండా కూర్చుంది, పిల్లాడి బొంగరం గురించి పావుగంట చెప్పింది, ఆమె సంతోషం పట్టలేక "మంచి మార్పు" అని రాసి కింద రెండు గీతలు కొట్టింది. ఐదో వారం మళ్ళీ ఇరవై మూడుకి. ఆరో వారం పంతొమ్మిదికి. వారం వారం ముందుకి జరుగుతోంది, పిల్లాడి మాట దగ్గరపడే కొద్దీ ముందే పారిపోతోంది అనుకుంది. రైలు టైము ముందుకి జరిగితే దానికేదో కారణం ఉంటుందని గేటు మూసేవాడికి కూడా తెలుసు. ఆమెకి తెలియలేదు. ఆరో వారం ఆవిడ చూపు పైకి లేవగానే పెన్ను మూసి, గొంతు మెత్తగా చేసుకుని, ఆ మెత్తదనం కూడా నేర్చుకున్నదే, అంది, "చూడండమ్మా, బాబు మాట రాగానే మీరు గడియారం వైపు పారిపోతున్నారు. దేవుడి మాట, టైము మాట కాసేపు పక్కన పెడదాం. మీరు బాబుని చూడ్డానికి భయపడుతున్నారు." ఆవిడ ఆమె మొహంలోకి చూసింది. అలా చూడడం అదే మొదటిసారి. చెంపదెబ్బ తిన్న పిల్ల, కొట్టింది ఎవరో తెలిసి కూడా తలదించుకునే పిల్ల, అలా. "అలాగే మేడం," అంది. తల మీద గుడ్డ సర్దుకుంది. వస్తాను అనలేదు.

నాలుగూ తొమ్మిది. పోయిన వారం ఈ వేళకి కూడా ఇలాగే కూర్చుంది, కాకపోతే అప్పుడు కిటికీ మూసి ఉంది, అప్పుడామెకి ఇంకా ఏమీ తెలియదు, కోపంగా కూడా ఉంది, చికిత్స పని చేస్తోంది కాబట్టే మనిషి బెదిరింది అని తనకి తానే సర్ది చెప్పుకుంటోంది. బకెట్టు ఈడ్చుకుంటూ ఖాలా వచ్చింది. ఈ మేడంతా ఊడ్చి తుడిచే ముసలామె, అందరికీ ఖాలాయే, పిన్ని అన్నమాట, పెద్ద డాక్టరు కూడా ఖాలా అనే పిలుస్తాడు, ఆయన వినే ఆడగొంతు అదొక్కటే.

"ఆ బిడ్డ రాలేదామ్మా ఈవేళ? నేను చాప పరిచి కూర్చున్నా."

"ఏ చాప?"

"నమాజుకి. మీ దగ్గర నుంచి దిగి నా గదిలోకే వస్తది కదా, మెట్ల కింద. చీపుళ్ళు ఒక పక్కకి జరిపి ఇస్తా. ఇక్కడే చదువుకోకపోతే బస్సులోనే పొద్దు గుంకిపోతది. అసర్ పోతది బిడ్డకి."

అసర్ అంటే ఏమిటని అడగడానికి ఆమెకి సిగ్గేసింది. అడిగింది. మధ్యాహ్నానికీ సాయంత్రానికీ నడుమ చేసే నమాజు, నీడని బట్టి దాని వేళ, చలికాలం వస్తుంటే పొద్దు కుదించుకుంటది, వేళ కూడా ముందుకి జరుగుతది, అని ఖాలా తుడుస్తూనే చెప్పింది, చిన్నపిల్లకి అంకెలు చెప్పినట్టు. అదిగో, ఇప్పుడే పిలుస్తున్నారు, వినబడట్లేదా? వినబడలేదు. మూసిన కిటికీ, ఫ్యాను రొద. "ఆ బిడ్డకి వినబడతది," అంది ఖాలా. "అలవాటున్న చెవి." మెట్ల కింద గది తలుపుకి లోపలి వైపు అంటించిన నమాజు వేళల కాగితం చూపించింది, ఫినైలు మరకలు పడి మూలలు లేచిన కాగితం. ఆమె తన ఫైలు తెచ్చి పక్కన పెట్టి చూసింది. నలభై, ముప్పై ఆరు, ముప్పై ఒకటి, ఇరవై మూడు, పంతొమ్మిది. నిమిషం తేడా లేదు. తను పట్టుకున్న రహస్యం ఒక తలుపుకి అంటించి ఉంది. మరి నాలుగో వారం, ఆ వారం ఎందుకు చూడలేదు, నేను మంచి మార్పు అని గీతలు కొట్టిన వారం? ఖాలా గుడ్డ పిండుతూ ఆమెని ఎగాదిగా చూసింది. "నెలలో ఆడదానికి ఆ నాలుగు రోజులుంటాయి కదమ్మా. అప్పుడు నమాజు ఉండదు. ఇది కూడా నేనే చెప్పాలా, మీకు లేవా?" ఆ తర్వాత నవ్వింది, పళ్ళు లేని నవ్వు, నవ్వి మళ్ళీ నవ్వు మింగేసి, "పుస్తకాలన్నీ చదివారు. మనిషిని అడిగితే అయిపోయేది," అంది.

అడిగితే అయిపోయేది. వారమంతా ఈ మాట చెవిలో జోరీగ. కాగితం మీద మతం అని ఒక గడి ఉంది, అది నింపించుకున్నారు, నింపించుకుంటే మర్యాద తీరిపోయిందనుకున్నారు, గడిలో ఏముందో ఎవడూ అడగలేదు. మొన్న శుక్రవారం తప్పు దిద్దుకుందామని ఒక చాప కొనుక్కొచ్చింది, కొత్తది, మూలన పరిచింది, మక్కా ఏ వైపో తెలియక ఇటా అటా అని తిప్పుతుంటే ఖాలా గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి, "దిక్కు కూడా మీరే చెప్తారా మేడం?" అంది. చుట్ట చుట్టి బీరువా వెనక పడేసింది. నిజమే, మొన్న పక్కన పెట్టండమ్మా అన్నదీ తనే, ఈవేళ రండమ్మా చేసుకోండి అని పరిచేదీ తనే, రెండింట్లోనూ యజమాని తనే. ఫైల్లో ఆ వాక్యాలు కొట్టేద్దామా అనుకుంది. కొట్టేస్తే తప్పు పోదు, సాక్ష్యం పోతుంది. కింద తారీఖు వేసి రాసింది, "పైన రాసినది తప్పు. అడగకుండా రాశాను." పెద్ద డాక్టరు చూసి కళ్ళజోడు పైకి తోసుకున్నాడు, ఫైల్లో ఇలాంటివి రాస్తారా ఎవరైనా అన్నాడు. రాస్తారు, చదవండి అంది. ముప్పై ఏళ్ళలో ఆయన తల ఊపకుండా ఉన్నది ఆ ఒక్కరోజే.

నాలుగూ పదకొండు. వచ్చింది. మొదట హారన్ల కింద నలిగి, తర్వాత విడివడి, దూరం నుంచి, సాగుతూ, ఒక మనిషి గొంతు, అంతే, చాలా మామూలు గొంతు, జలుబు కూడా ఉన్నట్టుంది. ఇన్నేళ్ళూ రోజూ ఈ గోడకి తగిలి వెనక్కి పోయింది. ఆవిడ ఇదే వినేది, మాట ఆపేది, పెదాలతో ఆ పిలుపుకి బదులు చెప్పుకునేది, తర్వాత గడియారం చూసి ఇంకా ముప్పై నిమిషాలు, అమ్మయ్యా, కిందికి దిగి చదువుకోవచ్చు అని లెక్క వేసుకునేది, ఆమె మాత్రం అటు మనిషి చేజారిపోతోందని రాసుకునేది. కదిలే పెదాలు. అమ్మ పెదాలు కూడా కదిలేవి. పోస్టాఫీసులో ఉత్తరాల మీద ముద్రలు కొట్టేది అమ్మ, రోజంతా టక్కు టక్కు, ఇంటికొచ్చి పొయ్యి మీద నీళ్ళు పెట్టి, అవి మరిగేదాకా నిలబడి పెదాలు కదిలించేది. శబ్దం ఉండేది కాదు. నాన్న దేవుడనే మాట వింటే గోడ గడియారాన్నైనా నిలదీసే మనిషి, కుర్చీలోంచే అరిచేవాడు, "నీ మంత్రాలకి మరుగుతున్నాయా నీళ్ళు, కిందనున్న మంటకా?" ఆమె నవ్వేది. తొమ్మిదేళ్ళ పిల్ల, పన్నెండేళ్ళ పిల్ల, ఇరవై ఏళ్ళ పిల్ల, ఎప్పుడూ నాన్న పక్కనే నిలబడి నవ్వేది, తెలివైనవాళ్ళ పక్క అది. అమ్మ కూడా నవ్వేది. కానీ ఆపేది కాదు. ఏమనుకునేదో, దేవుణ్ణి పిలిచేదో, చచ్చిపోయిన తన చెల్లెల్నో, రేపటి కూరగాయలనో, ఎన్నిసార్లు పక్కన నిలబడింది, ఎన్ని వేల చెంబుల నీళ్ళు మరిగాయి, ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఏమంటున్నావమ్మా అని అడగలేదు. అమ్మ పోయిన పొద్దున ఆమె ఒక శిక్షణ తరగతిలో కూర్చుని ఉంది. పాఠం పేరు, దుఃఖంలో ఉన్నవారితో మాట్లాడడం ఎలా. నూటికి తొంభై ఒకటి వచ్చాయి.

ఆరేళ్ళైంది. నాన్న అమ్మ ఊసెత్తడు, ఎత్తితే సిద్ధాంతం కరిగిపోతుందేమో. అన్నయ్య ఫోనులో ఆరోగ్యాల గురించి మాట్లాడతాడు. అమ్మ పేరు పెట్టి పిలిచేవాళ్ళు లోకంలో లేరు, పోస్టాఫీసులో బల్ల మీద ఆ పేరు చెక్క ముక్క కూడా తీసేసి ఉంటారు. దేవుడు కావాలని లేదు ఆమెకి, ఈ వయసులో కొత్తగా ఎక్కడ వెతుకుతుంది, కావలసింది ఒక వేళ. రోజులో ఫలానా వేళకి ఫలానా చోట అమ్మ దొరుకుతుంది, వెళ్ళి నిలబడు, అని ఎవరైనా చెప్తే చాలు. చలికాలంలో ముందుకి జరిగినా సరే, ఎండాకాలంలో వెనక్కి జరిగినా సరే, వెతుక్కుంటూ పోతుంది. ఏ వేళకి పోవాలి? ఎవరింట్లో ఏ పొయ్యి మీద నీళ్ళు మరిగేటప్పుడు? పిలుపు ఆగిపోయింది. వీధి మళ్ళీ వీధైంది. ఇరవై. ఇరవై ఎనిమిది. కిందనుంచి రిసెప్షన్ అమ్మాయి నవ్వు, ఎవరితోనో, వచ్చే మంగళవారం రండి, నాలుగింటికి ఖాళీ అయ్యేలా ఉంది. కుర్చీ దిండు మీద ఆ నొక్కు చెరపాలనిపించింది, చెయ్యి చాపి మళ్ళీ తీసేసుకుంది. ముప్పై మూడు. రాదు. ఎందుకొస్తుంది? పుండు చూపిస్తే కారం పెట్టినదాని దగ్గరికి ఎవరొస్తారు?

ముప్పై ఆరుకి తలుపు మీద రెండు వేళ్ళ చప్పుడు.

నాలుగింటావిడ గుమ్మంలో నిలబడింది. చేతులు మోచేతుల దాకా తడిసి ఉన్నాయి, నుదుటి మీద వెంట్రుకలు తడి, పాదాల వెనక గచ్చు మీద రెండు తడి ముద్రలు. "ఆలస్యమైంది మేడం. రావచ్చా?"

"రండి. రండి కూర్చోండి."

అదే ఎడమ అంచున కూర్చుంది. తెరిచిన కిటికీ చూసింది. "ముందే కాళ్ళూ చేతులూ కడుక్కుని నమాజు చదువుకుని వచ్చేశాను, కింద ఖాలా దగ్గర. ఇక గడియారం చూడను మేడం. మీకు కోపం రాదు." తన గంటలో ముప్పై ఆరు నిమిషాలు కోసి పక్కన పెట్టి వచ్చింది, జరిమానా కట్టినట్టు, ఈ గదిలో నిందపడకుండా కూర్చోవడానికి. ఈసారి ఆమె మాటలో మెత్తదనం నేర్చుకున్నది కాదు.

"కోపం మీకు రావాలి," అంది. "మీరు పారిపోతున్నారని అన్నాను. తెలియకుండా అన్నాను. అడగాల్సింది, అడగలేదు. తప్పు నాది."

"అయ్యో, మీరు చదువుకున్నవాళ్ళు మేడం..."

"అందుకే అడగలేదు."

ఆవిడ ఫక్కున నవ్వబోయి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత చీర అంచు చేతిలోకి తీసుకుంది, ఒక మడత, రెండో మడత. ఆమె ఫైలు మూసింది, పెన్ను సొరుగులో పడేసింది, సొరుగు కూడా మూసింది. "ఇప్పుడు అడుగుతున్నాను. చెప్పాలనిపిస్తేనే చెప్పండి. అక్కడ, ఆ చాప మీద, ఏం జరుగుతుంది మీకు?"

ఆవిడ మూడో మడత వేసింది. "ఇంట్లో వాడి పేరు ఎత్తకూడదు మేడం," అంది ఆవిడ. "వాళ్ళ నాన్న అన్నం ముందు నుంచి లేచిపోతాడు. మా అత్తకి గుండె పట్టేస్తుంది. షాపులో ఎత్తితే పక్క మిషను ఆవిడ తన పిల్లల్ని లోపలికి పిలుచుకుంటుంది, నా దిష్టి తగులుతుందేమోనని. మీ దగ్గర ఎత్తబోతే మీరు పెన్ను తీస్తారు. ఇక ఎక్కడ? నమాజయ్యాక చేతులు చాపి అడుక్కుంటాం కదా, అప్పుడు చెప్తాను వాడి పేరు. పూర్తి పేరు, మా నాన్న పెట్టిన పేరు. వాడికి చలేస్తుందేమో చూడు అంటాను. ప్యాంటు పొట్టయిందేమో చూడు అంటాను. ఎవరూ లేచిపోరు. ఎవరూ రాసుకోరు." అంచు వదిలేసింది, మడతలు వాటంతటవే విచ్చుకున్నాయి. "మీరు పారిపోతున్నానన్నారు. నేను వాడి దగ్గరికే పోతున్నాను మేడం. వేళవుతోందని గడియారం చూశాను. బడి వదిలే వేళకి చూసేదాన్ని, అలా."

ఆమె దగ్గర తొంభై ఒక్క మార్కుల మాటలున్నాయి, ఒక్కటీ పనికిరాలేదు. ఆవిడ అడగకుండానే ఆ పేరు చెప్పింది. ఆ పేరు ఇక్కడ రాయడం లేదు, అది ఆవిడది. రెండుసార్లు చెప్పింది, రెండోసారి గొంతు చీలిపోయింది, అప్పుడు ఏడ్చింది, మొదటిసారి, ముక్కు తుడుచుకోకుండా, తల మీద గుడ్డ జారిపోయినా చూసుకోకుండా. కిందనుంచి ఇంటర్‌కమ్ మోగింది, యాభై అయింది మేడం, ఆవిడ రాలేదుగా, ఆ టైము ఇచ్చేయనా అని. "ఇవ్వకు," అంది, పెట్టేసింది. పెట్టేశాక మళ్ళీ తీసి, "ఐదింటి వాళ్ళని కాస్త కూర్చోబెట్టు," అంది. పన్నెండేళ్ళలో గంట సాగడం అదే మొదటిసారి.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగింది ఆవిడ. "వచ్చే వారం ఎన్నింటికి రమ్మంటారు?"

"ఆ వేళ ముందుకి జరుగుతూ ఉంటుంది కదా. మీరు చెప్పండి, నేను జరుగుతాను."

ఆవిడ తల మీద గుడ్డ సర్దుకుంది. ఒక్క క్షణం ఆలోచించింది. "చదువుకుని పైకి వస్తాను. నాలుగూ ఇరవైకి." ఆ తర్వాత, "వస్తాను మేడం."

గచ్చు మీద తడి ముద్రలు ఎప్పుడో ఆరిపోయాయి. ఐదింటి వాళ్ళు కింద గొణుగుతున్నారు. ఫైలు తెరవలేదు ఆమె. కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఎదుటి వరసలో రెండో అంతస్తులో ఎవరో ఆడమనిషి పొయ్యి మీద గిన్నె పెట్టింది, వెలుగు పడింది, వీపు మాత్రం కనబడుతోంది. నీళ్ళు మరగడానికి ఎంతసేపు పడుతుంది, నాలుగు నిమిషాలు, ఐదు. ఐదింటి వాళ్ళు ఆగుతారు. కౌన్సెలరు మేడం కిటికీ చువ్వ పట్టుకుంది, అమ్మా అనలేదు, ఆరేళ్ళుగా ఎవరూ పలకని అమ్మ పేరే పలకబోయింది. శబ్దం రాలేదు. పెదాలు కదిలాయి. ఎదురుగా ఎవరైనా కూర్చుని ఉంటే రాసుకునేవాళ్ళు.